కాటన్ దొర – జలమార్గాలు

గోదావరి సీమలో సర్ ఆర్థర్ కాటన్ పేరు వినని వారు అరుదు. ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించి డెల్టాను అన్నపూర్ణగా మార్చిన అపర భగీరథుడుగా ప్రజలు ఆయనను నేటికీ స్మరిస్తున్నారు. అయితే ఆయన దృష్టిలో కాలువలు పొలాలకు నీరందించే సాధనాలు మాత్రమే కావు. పండిన పంటను దూరపు నగరాలకు చేర్చే రాజమార్గాలు కూడా. అంతగా ప్రచారంలోకి రాని ఈ అంశం విద్యార్థిలోకం గమనింపదగినది.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబు సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మన దేశానికి వచ్చారు. ఆయన జన్మించేనాటికి ఇంగ్లండు కాలువల యుగంలో ఉన్నది. లండను నగరపు అవసరాలు దూరపు జిల్లాల సేద్యాన్ని, ఓడల రాకపోకలను పెంచాయి. 1761లో బ్రిడ్జివాటర్ కాలువ తెరువగానే మాంచెస్టరులో బొగ్గు ధర దాదాపు సగానికి తగ్గింది. రవాణా చౌక అయితేనే విడివిడి సంతలు ఒక దేశీయ విపణిగా రూపొందుతాయన్న సత్యాన్ని ఆ దేశం అట్లా గ్రహించింది.

తంజావూరు ప్రాంతంలో కొల్లడం నదిపై ఆనకట్టలు కట్టి పేరు గడించిన కాటన్, 1844లో గోదావరి మండలాన్ని పరిశీలించారు. అప్పటి స్థితి దయనీయం. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న మండల జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కరువులకు, తుఫానులకు తోడు లాంకషైరు మిల్లు బట్టల పోటీ వలన మాధవాయిపాలెం, ఇంజరం వంటి చోట్ల నేత వ్యాపారం క్షీణించింది. వానకాలంలో బండ్లు కదలవు. లంబాడీల పెరిక ఎద్దులు మోసే సరుకు స్వల్పం. పంట బాగా పండిన ఏట ధర పడిపోయేది; పండని ఏట ధాన్యం బయటినుండి వచ్చేది కాదు.

1847లో ప్రారంభమైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాలుగా అది సాగింది. ఈ నిర్మాణంలో వీణెం వీరన్న గారి సేవలు స్మరణీయమైనవి. ప్రధాన కాలువలపై లాకులు కట్టి పడవలు నడిచే ఏర్పాటు చేశారు. తూర్పున కాకినాడ రేవుకు దారి ఏర్పడింది. పడమట ఏలూరు వద్ద గోదావరి కాలువ కృష్ణా కాలువతో కలిసింది. క్రమంగా బెజవాడ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు వరకు జలమార్గం నెలకొన్నది. డెల్టా బియ్యానికి మద్రాసు నగరం ఇట్లా అందుబాటులోనికి వచ్చింది. రైతు తన కుటుంబానికే కాక అంగడికి కూడా పండించసాగాడు.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్‌కు ఈ విజయం చాలలేదు. బీరారు ప్రత్తిని ఎగువ గోదావరి మీదుగా కాకినాడకు చేర్చాలని ఆయన ఆశించారు. కాని దుమ్ముగూడెం మొదలైన చోట్ల రాతి అవరోధాలు అడ్డునిలిచాయి. ఇంతలో 1867లో బొంబాయి రైలుమార్గం నాగపూరు చేరి ఆ సరుకును పడమటికి మళ్ళించింది. 1871లో ఎగువ గోదావరి పనులు విరమింపబడ్డాయి.

1876–78 నాటి మహాక్షామం తరువాత కాటన్ తమ 75వ ఏట పార్లమెంటు సంఘం ఎదుట కాలువల పక్షాన వాదించారు, సంఘం అంగీకరించలేదు. ఆ క్షామకాలంలో డెల్టా జిల్లాలు ధాన్యాన్ని ఎగుమతి చేశాయి. రైళ్ళు కూడా ధాన్యాన్ని మోశాయి. అయినా కొనుగోలు శక్తి లేని పేదలు లక్షల సంఖ్యలో మరణించారు. మార్గం సరుకును గిరాకీ ఉన్న చోటికి చేర్చగలదే కాని, చేతిలో కాసు లేని ఆకలిని గిరాకీగా మార్చలేదు. కూలి, ధర్మం, ప్రభుత్వ బాధ్యత తోడైనప్పుడే విపణి ప్రాణరక్షకం కాగలదు.

కాటన్ 1899 జూలై 24న కన్నుమూశారు. మరుసటి ఏడు, 1900లో, రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై రైలు వంతెన తెరువబడి, మద్రాసు–కలకత్తాలు ఏకమార్గమయ్యాయి. క్రమేణా పడవల రద్దీ తగ్గి, కాలువల్లో పూడిక పేరుకున్నది. 2008లో భారత ప్రభుత్వం కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగాలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. కాటన్ దొర విగ్రహానికి పూలమాల వేయడంతోపాటు, ఆయన నమ్మిన నీటిబాటల విలువను నేటి యువతరం గుర్తించి అధ్యయనం చేయుట సముచితం.