దెలాంబరు పండితుని చరిత్రము

సంఘములను స్థాపించుట సులభము; సంఘకార్యమును కడవఱకు నడపుట దుర్ఘటము. పదుగురు గూడి చేసిన పనిలో ఒకరి పొరపాటు బయలుపడినపుడు దానిని దాచక, దానిని సాకుగా గొని ఆ మనుష్యుని చెఱుపక, కార్యమును నిలువబెట్టుట మఱింత దుర్ఘటము. అట్లు చేసి చూపిన యొక మహనీయుని చరిత్రమును ఈ వార్షిక సంచికయందు సంక్షేపముగ వ్రాయుచున్నాము. ఆయన మన దేశమువాడు గాడు. మన కులమువాడు గాడు. అయినను సంఘకార్యములయందు శ్రద్ధగల మన సోదరులకును, సంఘమును పోషించు దాతలకును ఈ చరిత్రము ఉపకరించునని మా నమ్మకము.

జాన్ బాప్తీస్త్ జోసెఫ్ దెలాంబరు 1749వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి ఆమియాను పట్టణమున జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. పదునైదు నెలల ప్రాయమున శిశువునకు మశూచికము సోకి కన్నులు చెడెను. ఱెప్పల వెండ్రుకలు రాలిపోయెను. పెక్కేండ్లవఱకు ఎండవెలుగు చూడజాలకుండెను. చూపు పూర్తిగా పోవునేమో యను భయముచేత, అది యున్నంతలోనే చదువదగినదెల్ల చదివి ధారణ చేయుట ఆయన కలవాటయ్యెను. గురుముఖమున వల్లెవేసి చదువుకొనిన మావంటివారికి ఈ పద్ధతి క్రొత్తదిగాదు. గ్రీకు, లాటిను భాషలయందు గట్టి పాండిత్యము సంపాదించి, 1771లో పారిసునగరమున రాజ్యాదాయమును వసూలుచేయు నొక ధనికాధికారి యింట ఆయన కుమారునకు ఉపాధ్యాయుడుగ కుదిరెను.

ముప్పదియేండ్లు దాటిన పిదపగాని దెలాంబరు జ్యోతిశ్శాస్త్రమును చేపట్టలేదు. లలాండు అను ప్రసిద్ధ జ్యోతిష్కుని యుపన్యాసములు వినబోయి ఆయనకు ప్రియశిష్యుడయ్యెను. 1786 మే 4వ తేదీన బుధగ్రహము సూర్యబింబమును దాటవలసియుండెను. గణితమున తేలిన సమయము మించిపోగానే తక్కినవారు ఇక కనబడదని లేచిపోయిరి. దెలాంబరు మాత్రము కదలక కూర్చుండి, మబ్బు విడివడిన పిదప ఆ దృశ్యమును చూచెను. శాస్త్రములోకమున ఆయన పేరు వినబడుట కిదియే ప్రారంభము. క్రొత్తగ కనుగొనబడిన యురేనసు గ్రహమునకు పట్టికలు రచించి 1789లో శాస్త్రపరిషత్తు బహుమానము పొంది, 1792లో ఆ పరిషత్తునందే సభ్యుడయ్యెను.

ఆ కాలమున ఫ్రాన్సు దేశమునందు కొలతలు ఊరికొకటిగా నుండెను. ఒక యూరి మూర మఱియొక యూరి మూర గాదు. ఒక సంతయందలి కుంచము మఱియొక సంతయందు చెల్లదు. మన తాతలనాటి మానికలను, వీశెలను, గరిసెలను ఎఱిగినవారికి ఇది వివరింపనక్కఱలేదు. కొలత తెలియని రైతు పన్నునకును, వర్తకునకును లోబడవలసినవాడే. కావున ఏ రాజునకుగాని ఏ యూరికిగాని చెందక, సర్వజనులకు సమానమగు కొలతను నిర్ణయింపుడని ప్రభుత్వము శాస్త్రపరిషత్తును కోరగా, బోర్డా, లగ్రాంజి, లాప్లాసు, మోంజి, కొండర్సే అను అయిదుగురు ఉపసంఘముగ నేర్పడి 1791 మార్చిలో నివేదికను సమర్పించిరి. ఉత్తరధ్రువమునుండి భూమధ్యరేఖవఱకు గల దూరమున కోటియవ పాలు మీటరు కావలెనని వారి నిర్ణయము.

అంత దూరమును కొలువ నెవరితరము? కావున డంకర్కు రేవునుండి స్పెయినునందలి బార్సెలోనావఱకు గల భాగమును కొలిచి తక్కినది లెక్కవేయ నిశ్చయించిరి. ఉత్తరభాగము దెలాంబరునకును, దక్షిణభాగము మెషేను అను జ్యోతిష్కునకును అప్పగింపబడెను. ఇరువురును రోదె పట్టణమున కలిసికొనవలెను. నేలపై ఒక్క రేఖను కడ్డీలతో జాగ్రత్తగ కొలిచి, గోపురములనుండియు కొండలనుండియు త్రిభుజముల కోణములు చూచుచు పోయిన, తక్కిన దూరములన్నియు గణితముచేతనే వచ్చును. మన భూమాపకు లెఱిగిన పద్ధతియే యిది.

1792 జూనులో పని ప్రారంభమయ్యెను. అదియే విప్లవకాలము. గోపురములపై దూరదర్శినులు పెట్టి చూచువారిని శత్రువుల వేగులవారని ప్రజలనుమానించిరి. ఆ సెప్టెంబరులో పారిసు సమీపమున దెలాంబరును నిర్బంధించిరి. ఆయన తన పరికరములను నడివీధిలో పఱచి, కోపోద్రిక్తమైన గుంపునకు భూమాపనశాస్త్రమును బోధింపవలసివచ్చెను. 1793 ఆగష్టులో శాస్త్రపరిషత్తే రద్దయ్యెను. ఆ డిసెంబరు 23వ తేదీన, రాజద్వేషము చాలదను కారణముచేత, బోర్డా, లాప్లాసు, లవాసియే మొదలగువారితోపాటు దెలాంబరును కొలతల సంఘమునుండి తొలగించిరి. లవాసియే 1794 మే 8వ తేదీన శిరచ్ఛేదము పొందెను. దెలాంబరు నోరు మెదపక వేచియుండి, 1795లో మరల పిలుపు రాగానే విడిచినచోటనే పనికి పూనుకొనెను. 1798లో మెలూను వద్దను, పెర్పిన్యాను వద్దను రెండు ఆధారరేఖలను ప్లాటినపు కడ్డీలతో కొలిచిరి. మెలూను రేఖనుండి త్రిభుజముల వెంబడి లెక్కించి వచ్చిన పెర్పిన్యాను రేఖకును, నేలపై కొలిచిన రేఖకును భేదము ఒక్క అడుగునకు లోపల!

అంతట హాలండు, డెన్మార్కు, స్విట్జర్లాండు, స్పెయిను, ఇటలీ దేశముల పండితులు ఫ్రెంచివారితో గూడి లెక్కలన్నియు తనిఖీ చేయ కూర్చుండిరి. దెలాంబరు తన మూలపుస్తకములను వారి ముందు పెట్టెను. మెషేను మాత్రము ఆలస్యము చేసి, శుభ్రముగ వ్రాసిన సారాంశమునే సమర్పించెను. సంఘము దానిని గౌరవముతో నంగీకరించెను. 1799 జూను 22వ తేదీన ప్లాటినపు మీటరు ప్రభుత్వ పత్రభాండారమున నిక్షిప్తమయ్యెను.

మెషేను సారాంశమునే యిచ్చుటకు కారణమొకటి కలదు. బార్సెలోనా వద్ద రెండు స్థలములయందు ఆయన చూచిన అక్షాంశములు పొసగలేదు; మూడు వికలలకు మించిన భేదము వచ్చెను. భూమిపై నది సుమారు నూఱుగజములు. ఆయన దానినెవరికిని చెప్పక, లోలోపల క్రుంగిపోయెను. దానిని సరిచేయవలెనను తపనతో 1803లో మరల స్పెయిను దేశమునకు బోయి, మరుసటి సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన కాస్తెయోను పట్టణమున జ్వరముచే మరణించెను.

ఆయన కాగితములు దెలాంబరు చేతికి వచ్చెను. పెన్సిలుతో వ్రాసి, చెఱిపి, దిద్దిన అంకెలను చూచి దెలాంబరు సంగతి యెల్ల గ్రహించెను. దాచిన శాస్త్రమునకు ద్రోహము. చాటిన మృతుడైన సహచరునకు అపకీర్తి. దెలాంబరు చేసినదేమి? మొదట వ్రాసిన అంకెలను శ్రమపడి పునరుద్ధరించి, 1806 మొదలు 1810 వఱకు మూడు సంపుటములుగ ప్రకటించిన మహాగ్రంథమున వానినే ముద్రింపించెను. మూలపుస్తకములను తన వివరణములతో పారిసు వేధశాలయందు భద్రపఱచెను. మనోవ్యథ వెలిబుచ్చు సొంత జాబులను మాత్రము ముద్రవేసి యుంచెను. గ్రంథముఖపత్రమున మెషేను పేరును తన పేరుతోపాటు నిలిపెను. మీటరు పొడవున కా భేదమువలన చెప్పదగిన హాని కలుగలేదు. పిమ్మటి కొలతలచే మీటరు మిల్లీమీటరులో అయిదవవంతు పొట్టియని తేలెను. అందులకు ముఖ్యకారణము భూమి యాకారమునుగూర్చి వారు గైకొనిన లెక్కయే.

1803 మొదలు మరణపర్యంతము దెలాంబరు శాస్త్రపరిషత్తునకు గణితశాఖలో స్థిరకార్యదర్శిగ నుండి, నివేదికలను, మృతులైన సభ్యుల చరిత్రములను వ్రాసెను. జ్యోతిశ్శాస్త్రచరిత్రమును పెద్ద సంపుటములుగ రచించెను. అందు 1817లో వెలువడిన ప్రాచీనభాగమున మన సిద్ధాంతములను తక్కువ చేసెను. ఆయన సంస్కృత మెఱుగడు; భాషాంతరీకరణములే ఆధారము. సంస్కృతము చదివిన మేము ఆ తీర్పును ఒప్పుకొనము. అయినను అందుచేత ఆయన గుణములను తక్కువ చేయము. ఆయన కార్యదర్శిగ నున్న ఆ 1817లోనే, మన దక్షిణదేశమును త్రిభుజములతో కొలిచి, 1811లో గుత్తి వద్ద ఆధారరేఖ నేర్పఱచిన లాంబ్టను దొరను ఫ్రెంచి పరిషత్తు గౌరవసూచకముగ అనుబంధసభ్యునిగ నెన్నుకొనెను. దెలాంబరు 1822 ఆగష్టు 19వ తేదీన డెబ్బదిరెండవ యేట పారిసునందు పరమపదించెను. 1956 నాటి చట్టముచే మన దేశమును ఆ మీటరునే స్వీకరించెను.

సోదరులారా! మన సంఘములయందును జమాఖర్చులు కలవు; నివేదికలు కలవు; మనుష్యులు కలరు. సారాంశమును చూచి సంతృప్తిపడక మూలపుస్తకమును చూపుమని యడుగుట అవమానముగాదు. ఆ మాట నాడే స్నేహభావముతో అడిగినవారొక్కరుండినచో మెషేను తన బరువును దింపుకొని యుండునేమో! పొరపాటు చెప్పుకొనువానికి సభలో నిలువ నీడ యుండవలెను. పొరపాటు కనుగొనినవాడు అంకెను దిద్దవలెనేగాని మనుష్యుని చెఱుపరాదు. మన కార్యవర్గములవారికి ఇట్టి సద్బుద్ధి కలుగుగాక యని కోరుచు విరమించుచున్నాము.