చీకటితో కొలువు కొట్టిన కెమెరామన్

చిన్న కంపెనీ, తక్కువ బడ్జెట్, పోస్టర్ మీద పెద్ద తార ఒక్కరూ లేరు. 1947లో అమెరికాలో ‘టీ-మెన్’ అనే క్రైమ్ సినిమా ఇలాగే తయారైంది. దొంగనోట్ల ముఠాలోకి మారుపేర్లతో దూరిన ఇద్దరు ప్రభుత్వ ఏజెంట్ల కథ అది. ఒకచోట, తోటి ఏజెంటును కళ్లముందే చంపేస్తుంటే రెండోవాడు ఏమీ ఎరగనట్టు నిలబడాలి. టోపీ అంచు నీడలో ఉన్న ఆ ముఖాన్ని చూస్తే డైలాగ్ అక్కర్లేదనిపిస్తుంది. సినిమా ఆడింది. దాంతో కెమెరామన్ జాన్ ఆల్టన్ పేరు పరిశ్రమంతా తెలిసింది. అప్పటికి అతనికి 46 ఏళ్లు!

ముప్పై దాటకముందే సెటిల్ అవ్వాలని కంగారుపడే మనకి ఆ అంకె కాస్త వింతగానే ఉంటుంది. అన్నేళ్లూ అతనేం ఖాళీగా కూర్చోలేదు. ఇంటిపేరు అసలు ఆల్ట్‌మన్. 1901లో హంగరీలోని షోప్రాన్ పట్టణంలో పుట్టాడు. కుర్రతనంలోనే అమెరికా చేరి, 1920ల్లో ఎంజీఎం స్టూడియో ల్యాబ్‌లో ఫిల్మ్ కడిగే పనితో మొదలుపెట్టాడు. తర్వాత పారిస్ దగ్గరి జాయిన్‌విల్ స్టూడియోలో కెమెరా విభాగం చూసుకున్నాడు. 1932లో అర్జెంటీనా వెళ్లాడు. అక్కడ మాటల సినిమాల పరిశ్రమ అప్పుడే కళ్లు తెరుస్తోంది. స్టూడియో ఏర్పాటు దగ్గర్నుంచి షూటింగ్ దాకా అన్నింట్లో చెయ్యి పెట్టాడు. ఆ దశాబ్దం చివర్లో హాలీవుడ్‌కి తిరిగొస్తే, ఇంత అనుభవానికీ దొరికింది మళ్లీ చిన్న కంపెనీల చవక సినిమాలే.

అతని గొప్పతనం అర్థం కావాలంటే అప్పటి పద్ధతి తెలియాలి. ముఖం మీద ఒక ప్రధానమైన లైటు, దాని నీడల్ని చెరిపేయడానికి ఇంకోటి, మనిషిని గోడ నుంచి విడదీయడానికి వెనక మరొకటి. సెట్ పైన కట్టిన వంతెనల మీద వరసగా దీపాలు. హీరోయిన్ ముఖం మీద మచ్చ కనపడకూడదు, అంతే. ఆల్టన్ నీడను చెరిపే దీపాన్నే చాలాచోట్ల తీసేశాడు. లైట్లు పైనుంచి దించి నేలమీద పెట్టాడు. ఎదురు గోడ మీద మనిషి నీడ మనిషికన్నా పెద్దదై లేచింది. సెట్‌లో సగం చీకట్లో ఉంటే అక్కడ ఏముందో, ఏం లేదో ఎవరికీ తెలీదు కదా! అందం, పొదుపు రెండూ ఒకే దెబ్బకి.

దీపాలు తక్కువ కాబట్టి షాటు త్వరగా సిద్ధమయ్యేది. నిర్మాతలకి ఇది పండగే. లైటింగ్ సిబ్బందిలో చాలామందికి మాత్రం ఒళ్లు మండేది. లైట్లు తగ్గితే తమ పనీ తగ్గుతుందని వాళ్ల భయం. ఆ భయం తప్పని నేననను, కడుపు మీద దెబ్బ ఎవరికైనా దెబ్బే. సాటి కెమెరామన్లలోనూ అతనంటే పడనివాళ్లు ఉండేవారు. 1949లో ‘పెయింటింగ్ విత్ లైట్’ అని పుస్తకం కూడా రాసి, వృత్తి రహస్యాలన్నీ అచ్చులో పెట్టేశాడు. హాలీవుడ్‌లో పనిచేస్తున్న పేరున్న కెమెరామన్ ఇలా రాయడం అదే మొదలు.

దర్శకుడు ఆంటొనీ మాన్‌తో చేసిన ‘రా డీల్’, లాస్ ఏంజెలెస్ భూగర్భ వరదకాలువల్లో టార్చిలైట్ల వెలుగులో వేట సాగే ‘హి వాక్డ్ బై నైట్’, రెండూ 1948వే. ఇలాంటి సినిమాలకి ‘ఫిల్మ్ నోయిర్’ అని పేరు పెట్టింది ఫ్రెంచి విమర్శకులు. తీసేవాళ్లకి అవి మామూలు క్రైమ్ కథలే. వాటిలో ఒక్కటే చూసే టైముంటే 1955 నాటి ‘ది బిగ్ కాంబో’ చూడండి. ఆఖరి దృశ్యంలో పొగమంచు, వెనక నుంచి తెల్లటి వెలుగు, రెండు నల్లని ఆకారాలు. ముఖాలు కనిపించవు. ఆ చీకట్లో సెట్‌కి పెద్దగా పనే లేదు.

చిత్రమేమిటంటే ఈ చీకటి మనిషికి ఆస్కార్ వచ్చింది రంగుల సినిమాకి. 1951లో వచ్చిన ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ చివర్లోని పొడవాటి బ్యాలే నృత్యాన్ని చిత్రీకరించింది అతనే. మిగతా సినిమా తీసిన ఆల్ఫ్రెడ్ గిల్క్స్‌తో కలిసి అవార్డు పంచుకున్నాడు.

1960 నాటి ‘ఎల్మర్ గాంట్రీ’ తర్వాత ఆల్టన్ దాదాపుగా తెరమరుగయ్యాడు. అరవై ఏళ్లకే, చేతిలో ఆస్కార్ ఉండి! భార్యతో కలిసి ప్రయాణాలు చేస్తూ, బొమ్మలు వేసుకుంటూ ఏళ్లు గడిపాడు. బతికున్నాడో లేదో కూడా హాలీవుడ్‌లో చాలామందికి తెలీలేదు. తొంభై దాటాక మళ్లీ కనిపిస్తే, తను పుస్తకంలో రాసినదాన్ని చదివి పని నేర్చుకున్నవాళ్లు అప్పటికే పెద్ద కెమెరామన్లయి ఉన్నారు. చాలాకాలంగా దొరకని ఆ పుస్తకం 1995లో మళ్లీ అచ్చయింది. మరుసటి ఏడాది జూన్‌లో, 94వ ఏట అతను పోయాడు.