క్షతగాత్రుల యొద్దకే వెళ్ళిన వైద్యుడు

ప్రమాదం జరిగిందని ఫోను చేస్తే 108 బండి వచ్చి, దారిలోనే చికిత్స మొదలుపెట్టి ఆసుపత్రికి చేర్చడం నేడు మనకు వింత కాదు. రెండు వందల ఏండ్ల క్రిందట గాయపడినవాడే ఎలాగో వైద్యుని యొద్దకు చేరవలసి ఉండేది. ఆ పద్ధతిని తిరగవేసినవారిలో ముందుగా చెప్పుకోవలసినవారు ఫ్రెంచి సైన్యపు శస్త్రవైద్యుడు డొమినిక్ జీన్ లార్రే గారు.

ఆయన 1766లో ఫ్రాన్సు దక్షిణాన పిరెనీస్ కొండలలోని ఒక పల్లెలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, తూలూజ్ పట్టణంలో శస్త్రవైద్యుడైన తండ్రిగారి సోదరుని యొద్ద పని నేర్చుకున్నారు. 1792లో రైన్ నదీతీరపు సైన్యంలో చేరారు.

ఆనాటి నియమం ప్రకారం వైద్యుల బండ్లు యుద్ధభూమికి సుమారు 5 కిలోమీటర్ల వెనుక ఆగాలి. పోరాటం ముగిసేవరకు కదలరాదు. అందువలన గాయపడినవారు రాత్రింబగళ్ళు అక్కడే పడియుండేవారు. బ్రతుకవలసినవారు కూడా రక్తం పోయి చనిపోయేవారు. గుర్రాలు లాగే ఫిరంగులు క్షణాలలో చోటు మారడం లార్రే గారు చూశారు. చంపే పనిముట్టు అంత వేగంగా వెళ్ళగలిగితే కాపాడే బండి ఎందుకు వెళ్ళలేదన్నదే ఆయన ఆలోచన. తేలికైన బండ్లు చేయించి, కుదుపు తగలకుండా స్ప్రింగులు పెట్టించారు. రెండు చక్రాల బండిలో ఇద్దరు పడుకోవచ్చు. కొండ ప్రాంతాలకు నాలుగు చక్రాల బండ్లు వాడేవారు. వాటికి ఎగిరే అంబులెన్సులని పేరు. వైద్యులు గుర్రాలెక్కి వెంట వెళ్ళి, పోరు జరుగుతుండగానే అక్కడే కట్లు కట్టేవారు. ఈజిప్టులో బండ్లకు బదులు ఒంటెలకు ఇరువైపుల పెట్టెలు కట్టించారు.

ఇంతకన్న పెద్ద మార్పు మరొకటి ఉన్నది. ఎవరి గాయం ప్రమాదకరమో వారికే ముందు చికిత్స. సేనాని అయినా, సామాన్య సిపాయి అయినా, శత్రువైనా సరే. హోదాయే సర్వస్వమైన సైన్యంలో ఇది చిన్న మాట కాదు. నేటి ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో రోగులను వేరుచేసే పద్ధతికి మూలం ఇదే.

నలిగిన కాలుచేతులను మొదటి 24 గంటలలోనే తీసివేయాలని ఆయన పట్టుబట్టారు. 1812లో రష్యాలోని బొరొడినో వద్ద ఒక్క రోజులో 200 మందికి అలా చేశారట. మత్తుమందు లేని కాలమది. శస్త్రచికిత్సలో ఈథర్ వాడకం 1846 తరువాతనే వ్యాపించింది. ఇంతమందిని గాయాలపాలు చేసిన యుద్ధాలు ఆయన ఎంతో అభిమానించిన నెపోలియన్ చక్రవర్తివే అన్న సంగతి కూడా మరువరాదు.

అయితే ఆ చక్రవర్తికి నచ్చని సత్యం చెప్పడానికి ఆయన వెనుదీయలేదు. 1813లో రెండు వేలకు పైగా సైనికులు యుద్ధం తప్పించుకోవడానికి తమ చేతులను తామే గాయపరచుకున్నారని నింద పడింది. లార్రే గారు పరీక్షించి వారు నిర్దోషులని తేల్చారు. అనుభవంలేని కుర్రవాళ్ళు వెనుక వరుసలలోనుండి కాల్చగా ముందున్నవారి చేతులకు తగిలినవే ఆ గాయాలు.

1815లో వాటర్లూ వద్ద ప్రష్యనులు ఆయనను పట్టుకొని కాల్చివేయబోయారు. ఇంతలో వారి వైద్యుడొకరు ఆయనను గుర్తుపట్టారు. ప్రష్యను సేనాని బ్లూషర్ కుమారునికి ఒకప్పుడు గాయాలైతే చికిత్స చేసినవారు లార్రే గారే. ఆయనను విడిచిపెట్టారు.

1842 జూలై 25న లియోన్ నగరంలో ఆయన మరణించారు. భార్య మూడు రోజుల ముందే కన్నుమూశారు. పారిస్ శ్మశానంలో ఉన్న ఆయన అస్థికలను 1992లో, వృద్ధ సైనికుల కోసం కట్టిన ఇన్వాలిడ్స్ భవనానికి మార్చారు.