టోనీ విల్సన్: సొంత కంపెనీ దివాలా.. అదే ఏడాది కొత్త బ్యాండ్లకు వేదిక

టీవీ ప్రెజెంటర్‌గా ఉంటూనే మాంచెస్టర్ సంగీతాన్ని మలుపు తిప్పిన వ్యక్తి టోనీ విల్సన్. 1950లో ఇంగ్లండ్‌లోని సాల్‌ఫర్డ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివి గ్రెనడా టీవీలో చేరారు. 1976లో సెక్స్ పిస్టల్స్‌ను తొలిసారి టీవీకెక్కించింది ఆయన షోనే.

తర్వాత మిత్రులతో కలిసి ఫ్యాక్టరీ రికార్డ్స్ పెట్టారు. జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్ అక్కడివే. పాటలపై హక్కులు కంపెనీకి కాదు, బ్యాండ్లకే ఉండాలన్నది ఆయన పద్ధతి. చివరికి అదే దెబ్బకొట్టింది. 1992లో అప్పుల్లో మునిగిన ఫ్యాక్టరీని కొనేందుకు లండన్ రికార్డ్స్ ముందుకొచ్చింది. తీరా చూస్తే అమ్మడానికి కంపెనీ చేతిలో హక్కులే లేవు. డీల్ క్యాన్సిల్.. కంపెనీ దివాలా.

అదే ఏడాది ఇవెట్ లివ్‌సీతో కలిసి ‘ఇన్ ద సిటీ’ మొదలుపెట్టారు. పగలు మ్యూజిక్ కంపెనీల వాళ్ల చర్చలు.. రాత్రి క్లబ్బుల్లో కాంట్రాక్ట్ లేని బ్యాండ్ల షోలు. అవకాశం కోసం లండన్ చుట్టూ తిరగక్కర్లేదు, కంపెనీలే వెతుక్కుంటూ వచ్చేవి. పేరు రాకముందు కోల్డ్‌ప్లే, మ్యూజ్ కూడా ఇక్కడ వాయించినవే.

ఇంతమందికి దారి చూపినా ఆయన మాత్రం డబ్బు వెనకేసుకోలేదు. క్యాన్సర్ వస్తే నెలకు 3,500 పౌండ్ల మందుకు స్నేహితులే చందాలేసుకున్నారు. 2007 ఆగస్టు 10న 57 ఏళ్లకే కన్నుమూశారు. ఆయనకు గౌరవంగా మాంచెస్టర్ టౌన్‌హాల్‌పై జెండాను సగానికి దించారు.