భారము మోయు చేతులకు విశ్రాంతి
(డాక్టరు అన్నా కుగ్లర్ జీవితము)

ధ్యాన భాగములు: నిర్గమకాండము 18:13–23, 1 రాజులు 19:3–8, మార్కు 6:30–32



మన పల్లెల కుమార్తెలు అనేకులు నర్సు చదువు చదివి నల్లగొండలోను, మహబూబ్‌నగరులోను, హైదరాబాదులోను ఆసుపత్రులలో పనిచేయుచున్నారు. మన కుమారులు కొందరు 108 బండ్లు నడుపుచున్నారు. ఆశా కార్యకర్తలై ఇల్లిల్లు తిరుగు తల్లులును మన సంఘములలో నున్నారు. వీరు దినదినము చూచునదేమి? రోడ్డుమీద నలిగిన దేహములు, పురుగుల మందు త్రాగిన రైతు, కాన్పులో కన్నుమూసిన తల్లి. మనము అట్టివాటిని ఏటికొకసారి చూచి నెల దినములు చెప్పుకొందుము. వీరు చూచి, చేతులు కడుగుకొని, మరియొక మంచము చెంతకు పోవలెను.

అట్టి సహోదరి యొకతె కొంతకాలము క్రిందట నాయొద్దకు వచ్చెను. నిద్ర పట్టుట లేదనియు, అన్నము ముందు కూర్చుండగా వార్డులో చనిపోయిన పసివాని ముఖమే కనబడుచున్నదనియు చెప్పెను. నీ ప్రార్థన చాలదని చెప్పి నేనామెను పంపివేసితిని. ఆమె తల వంచుకొని వెళ్లిపోయెను. ఆ మాట అన్నందుకు నేను తరువాత ఎంతో దుఃఖపడితిని. ఆ దినమున నేనామెకు చెప్పవలసియుండినది ఈ క్రింది చరిత్రయే.

మన నల్లగొండ సీమకు దక్షిణమున కృష్ణ దాటినచో గుంటూరు సీమ. గుంటూరు పట్టణమందలి కుగ్లర్ ఆసుపత్రి పేరు విననివారు అరుదు. ఆ పేరుగల అన్నా సారా కుగ్లర్ 1856వ సంవత్సరము ఏప్రిల్ 19న అమెరికా దేశమందలి పెన్సిల్వేనియా రాష్ట్రములో జన్మించెను. 1879లో వైద్య విద్య ముగించెను. తరువాత నారిస్‌టౌనులోని మానసిక రోగుల ఆసుపత్రిలో, స్త్రీల విభాగమున రెండేండ్లు పనిచేసెను. మనస్సు గాయపడిన స్త్రీలమధ్య ఆమె తన మొదటి పాఠములు నేర్చుకొనెను.

గుంటూరులో స్త్రీలకు వైద్యురాలు కావలెనని ఒక మిషనెరీ వ్రాసిన ఉత్తరము ఆమె హృదయమును కదిలించెను. అయితే ఆమె లూథరన్ సంఘము వైద్యపరిచర్యకు అప్పటికి సిద్ధముగా లేదు. స్త్రీలకు ఇండ్లలో బోధించు పనికి మాత్రమే పంపుదుమనిరి. ఆమె అందుకును ఒప్పుకొని 1883లో గుంటూరు చేరెను. పాఠము చెప్పుటకు వచ్చినదే గాని, రోగముతో మూల్గుచున్న స్త్రీని చూచి ఊరకుండలేకపోయెను. 1885 డిసెంబరులో సంఘము ఆమెను వైద్య మిషనెరీగా నియమించెను.

ఆ దినములలో ఘోషా స్త్రీలను పురుష వైద్యులకు చూపెడివారు కారు. మంత్రసాని చేతులెత్తివేసిన తరువాత, రెండు మూడు దినములు నొప్పులు పడి సొమ్మసిల్లిన స్త్రీని చిట్టచివరకు డాక్టరమ్మయొద్దకు తెచ్చెడివారు. కొందరిని రక్షింపగలిగినను, ఆలస్యముచేత చేజారిపోయినవారును ఉందురు. గంట ముందు వచ్చియుంటే బ్రదికియుండునే అను తలంపు వైద్యుల గుండెలో ముల్లువలె నిలుచును. అట్టి ముండ్లమధ్య కుగ్లరమ్మ పనిచేసెను.

మరి ఆమె నలువదియారేండ్లకు పైగా ఎట్లు నిలిచెను? ఆమె రాతిగుండె గలది గనుక కాదు. ఆమె జీవితమున నాకు మూడు సంగతులు కనబడుచున్నవి.

మొదటిది, ఆమె విశ్రాంతిని త్రోసివేయలేదు. ఆరేండ్ల సేవ తరువాత 1889లో సెలవుమీద స్వదేశమునకు వెళ్లెను. దానిని ఓటమిగా ఎంచక, మరల వచ్చి పని సాగించెను. 1893లో మందుల శాల, 1898లో ఆసుపత్రి తెరువబడెను. సెలవు పుచ్చుకొనినందున పని ఆగలేదు, పెరిగెను.

రెండవది, ఆమె ఒంటరిగా మోయలేదు. డాక్టరు మేరీ బేర్, నర్సు క్యాథరీన్ ఫాస్ ఆమెకు తోడుగా వచ్చిరి. తెలుగు స్త్రీలకు నర్సు పని నేర్పిరి. ఒకరు అలసినప్పుడు మరియొకరు లాంతరు పట్టుకొని లేచుటకు వీలయ్యెను. మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒక్కడే ప్రజల మొరలు విని నలిగిపోవుచుండగా, అతని మామయైన యిత్రో చూచి, ఇది నీ శక్తికి మించినదని హెచ్చరించి, భారము పంచుకొనుమని నేర్పెను గదా.

మూడవది, రోగితోపాటు రోగి చుట్టునున్నవారిని ఆ ఆసుపత్రి మరువలేదు. ఏలూరు రాజాయగు భుజంగరావుగారు, తన కుటుంబమునకు కలిగిన మేలుకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగుటకు అక్కడ ఒక సత్రము కట్టించిరి. మంచము ప్రక్కన కూర్చుండువారికిని నడుము వాల్చు చోటు కావలెను.

1905లోను 1917లోను ప్రభుత్వము ఆమెకు కైసర్-ఇ-హింద్ గౌరవమిచ్చెను. 1928లో ఆసుపత్రి చరిత్రను ఆమె స్వయముగా వ్రాసి ప్రకటించెను. చివరి యేండ్లలో తానే రోగియై, 1930 జూలై 26న గుంటూరులోనే ప్రభువునందు నిద్రించెను.

ఇందులో మరియొక సత్యము దాచరాదు. మిషనెరీలకు స్వదేశపు సెలవులును, వేసవిలో చల్లని కొండలును ఉండెను. వారితో కూడ పాటుపడిన మన తెలుగు బైబిలు స్త్రీలకు, కాంపౌండర్లకు, ఆయాలకు అట్టి విశ్రాంతి అంతగా దొరకలేదు. నేడును మన బిడ్డలకు కొండలు లేవు. కాబట్టి వారికి సంఘమే చల్లని కొండ కావలెను.

ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొనినప్పుడు దేవుడు అతని విశ్వాసమును గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత రొట్టెయు నీళ్లును పెట్టించెను, మరల నిద్రపోనిచ్చెను. తరువాతనే ప్రయాణము. శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేనప్పుడు మన ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు పిలిచెను. ఆ దూతకంటె, ఆ ప్రభువుకంటె నేనెక్కువ కఠినుడనైతిని.

పరుల గాయములను అనుదినము చూచువారి మనస్సును గాయపడునని నేటి వైద్యులు ఎరుగుదురు. నిద్ర పట్టకుండుట, చూచినవి మరల మరల కన్నులయెదుట నిలుచుట, ఇంటివారిమీద విసుగు, ఎవరి ఏడ్పును తాకనంతగా గుండె మొద్దుబారుట దాని గురుతులు. అవి పాపము కావు. కొన్ని వారములైనను తగ్గనియెడల జ్వరమునకు వెళ్లినట్లే వైద్యునియొద్దకు వెళ్లవలెను. 14416 అను ప్రభుత్వపు టెలీ మానస్ నంబరుకు ఫోను చేసినచో తెలుగులో మాటలాడి సహాయము చేయుదురు.

ఇక మనము చేయదగినదేమనగా: రాత్రి డ్యూటీ చేసి వచ్చిన బిడ్డను ఆదివారము గుడిలో కునికినదని నిందింపకుడి. అక్కడ ఏమి జరిగెనని వేడుకకు అడుగకుడి. ఆమె తానై చెప్పినచో చివరివరకు వినుడి. ఆమె పసిపిల్లలను ఒక పూట మీ యింట ఉంచుకొనుడి. గిన్నెడు వేడి అన్నము, పప్పు పంపుడి. దూత చేసినదియు అంతే గదా.

ఆ సహోదరి యింటికి నేను మరల వెళ్లితిని. ఈసారి బోధింపక, ఆమె చెప్పినదంతయు వింటిని. నా మాటకు క్షమాపణ అడిగితిని. ఇద్దరము కొంతసేపు ఊరకుంటిమి. తరువాత ఆమెయే ప్రార్థన చేసెను.

ప్రార్థన: ప్రభువా, గాయములు కట్టు చేతులను నీ చేతులలో పట్టుకొనుము. అలసిన వారిని నిందింపక ఆదరించు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.