గాంధీజీ నడక ఆగిన రోజు

తెల్లవారుజామున అయిదున్నర. లకారం ట్యాంక్‌బండ్ మీద నడవాలని రాత్రే అలారం పెట్టుకున్నారు. లేచేసరికి ఒళ్లు వెచ్చగా ఉంది. పిక్కలు లాగుతున్నాయి. రాత్రి రెండుసార్లు విరేచనం కూడా అయింది. బూట్లేమో గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వెళ్లాలా, మానాలా?

ఖానాపురం హవేలి నుంచి నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఈ ప్రశ్న నన్ను అడగరు. నడిచి వచ్చాక వస్తారు. చెమట పడితే జ్వరం దిగుతుందని కొందరు, ఒక్కరోజు మానితే అలవాటే పోతుందని ఇంకొందరు. అలాంటివాళ్లకు చీటీ రాస్తూ నేను ఒక పెద్దాయన సంగతి చెబుతుంటాను. మన ఖమ్మంలో ఆయన పేరుతో గాంధీ చౌక్ ఉంది కాబట్టి పరిచయం అక్కర్లేదు. కానీ ఆయన జబ్బుల గురించి మనకు తెలిసింది తక్కువ.

మోహన్‌దాస్ గాంధీకి చిన్నప్పుడు ఆటలంటే పడేది కాదు. స్కూల్లో హెడ్మాస్టరు కసరత్తు, క్రికెట్ తప్పనిసరి చేస్తే తప్పించుకోవాలని చూశాడు. బడి వదలగానే ఇంటికెళ్లి మంచాన ఉన్న తండ్రికి సేవ చేయాలన్నది ఒక కారణం, బిడియం ఇంకో కారణం. అయితే ఆరుబయట ఎక్కువ దూరం నడవడం మంచిదని ఎక్కడో చదివి, అది మాత్రం పట్టుకున్నాడు. 1888లో లండన్‌కు చదువుకెళ్లాక రోజూ ఎనిమిది, పది మైళ్లు నడిచేవాడు. అక్కడున్న మూడేళ్లూ పెద్దగా జబ్బు పడకపోవడానికి ఆ నడకే కారణమని తర్వాత రాసుకున్నాడు. దక్షిణాఫ్రికాలో 1910లో టాల్‌స్టాయ్ ఫామ్ పెట్టాక, సొంత పనికి జోహన్నెస్‌బర్గ్ వెళ్లాలంటే నడిచే వెళ్లాలని నియమం పెట్టారు. దూరం 21 మైళ్లు. అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు లేచి బయల్దేరి, పని చూసుకుని, ఆ రోజే తిరిగి వచ్చేవారు. నాకు తెలిసిన వాకర్స్ క్లబ్ సభ్యులెవరూ ఈ లెక్కకు దగ్గరలో లేరు!

ఇంత నడిచే మనిషికి కాళ్ల మీద నమ్మకం ఉండటం సహజం. చిక్కు అక్కడే వచ్చింది.

1914లో 14 రోజుల ఉపవాసం చేశారు. అది ముగిశాక జులైలో ఇంగ్లండ్ ఓడ ఎక్కారు. తిన్నది అరగడం లేదు. కాస్త నడిస్తే ఆకలి పుడుతుందని ఓడ డెక్ మీద పచార్లు మొదలుపెట్టారు. ఆ కాస్త నడకా శరీరం తట్టుకోలేదు. పిక్కల్లో విపరీతమైన నొప్పి. లండన్ చేరేసరికి, బయల్దేరినప్పటికన్నా ఆరోగ్యం దిగజారింది. అక్కడ పరిచయమైన డాక్టర్ జీవరాజ్ మెహతా సంగతంతా విని, కొన్నాళ్లు పూర్తి విశ్రాంతి తీసుకోకపోతే కాళ్లు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఉపవాసం విడిచినవాళ్లు పోయిన బలాన్ని తొందరపడి తెచ్చుకోకూడదని అప్పుడు తెలుసుకున్నానని గాంధీజీయే ఒప్పుకున్నారు. అయినా యుద్ధకాలం కదా, క్షతగాత్రుల సేవకు దళం కట్టి, శిక్షణ కోసం ఇంటి నుంచి రెండు మైళ్లు నడిచి వెళ్లేవారు. ఈసారి ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి మంచం పట్టారు.

తెలిసిన పాఠమే. నాలుగేళ్లకు మళ్లీ అదే తప్పు, అంతకన్నా గట్టిగా.

1918. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో రైతుల సత్యాగ్రహం ముగిసింది. గాంధీజీ అవే ఊళ్లకు వెళ్లి, సైన్యంలో చేరమని యువకులను అడగడం మొదలుపెట్టారు. జనానికి అది నచ్చలేదు. అంతకుముందు ఉచితంగా బండ్లు కట్టినవాళ్లు ఇప్పుడు కిరాయికి కూడా ఇవ్వలేదు. తిండి సంచిలో పెట్టుకుని రోజుకు 20 మైళ్ల వరకు నడిచేవారు. ఆహారం ఎక్కువగా వేరుశనగ ముద్ద, నిమ్మకాయలు. వయసు 48.

ఆ దశలో కొద్దిగా జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేసుకోలేదు. ఒక పూట మానేస్తే పోతుందనుకున్నారు, మర్నాటికి కాస్త తెరిపి ఇచ్చింది కూడా. ఆ రోజు పండగ. కస్తూర్బా తీపి గోధుమ జావ, పెసలు వండిపెట్టారు. రుచికి లొంగి తిన్నారు. గంట తిరక్కుండానే కడుపునొప్పి, విరేచనాలు తీవ్రమయ్యాయి. సాయంత్రం నడియాద్ వెళ్లాల్సిన పని ఉంది. మానుకోలేదు. ఆశ్రమం నుంచి సబర్మతి స్టేషన్ రెండు కిలోమీటర్లు. రోజూ 20 మైళ్లు నడిచిన మనిషి ఆ రెండు కిలోమీటర్లు అతికష్టం మీద నడిచారు. అహ్మదాబాద్‌లో రైలెక్కిన వల్లభ్‌భాయ్ పటేల్ ముఖం చూసి ఒంట్లో బాగోలేదని గమనించారు గానీ, నొప్పి ఎంత భరించలేనిదో ఆయనకు తెలియనివ్వలేదు. రాత్రి పదింటికి నడియాద్‌లో దిగితే, బస చేసే అనాథాశ్రమం అర మైలు. అది పది మైళ్లలా అనిపించిందట.

ఒక డాక్టరుగా ఈ కథలో నన్ను భయపెట్టేది నడక కన్నా ఆ దాచడం. పక్కన పటేల్ లాంటి మనిషి ఉన్నాడు. ఒక్కమాట చెబితే స్టేషన్లోనే ఏదో ఏర్పాటు జరిగేది. మన ఇళ్లలో నాన్నలూ ఇదే చేస్తారు. అమ్మలు ఇంకా ఎక్కువ చేస్తారు.

ఆ రాత్రి నుంచి రోజుకు ముప్పై, నలభై విరేచనాలు. మొదట్లో పళ్లరసం కూడా తాగలేదు. మందు వద్దు, ఇంజెక్షన్ వద్దు. జ్వరం పెరిగి సంధి ప్రేలాపన దాకా వచ్చింది. చచ్చిపోతాననే అనుకున్నారు. ఉక్కు శరీరం అనుకున్నది మట్టిముద్ద అయిపోయింది. అలాంటి విరేచనాల్లో ఒంట్లోంచి నీరు, లవణాలు గంటల్లో పోతాయి. అప్పటికి ఓఆర్ఎస్ రాలేదు. ఇప్పుడు మీ వీధి మెడికల్ షాపులో ఉంది. పోయిన నీటిని భర్తీ చేయకుండా నడిస్తే రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలకు దెబ్బ తగులుతుంది.

కోలుకోవడానికి నెలలు పట్టింది. మాథేరాన్ కొండకు వెళ్లినా ఎక్కువ రోజులు ఉండలేకపోయారు. ఆవు, గేదె పాలు తాగనని వ్రతం పట్టిన మనిషి, కస్తూర్బా చెప్పిన మీదట మేకపాలకు ఒప్పుకున్నారు. 1919 జనవరిలో బొంబాయిలో డాక్టర్ దలాల్ శస్త్రచికిత్స చేశారు. రౌలట్ చట్టం మీద ఉద్యమం మొదలయ్యేనాటికి సభలో నిలబడి మాట్లాడే శక్తి లేదు. నిలబడితే ఒళ్లంతా వణికేది, గుండె దడదడలాడేది. ఆత్మకథ రాస్తున్న సంవత్సరాల నాటికీ ఆ ఇబ్బంది పోలేదని రాసుకున్నారు. దానికి కారణం ఇదీ అని వందేళ్ల తర్వాత ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను.

మీ గుమ్మం దగ్గర బూట్ల సంగతికి వద్దాం. ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు గరగర, అంతే ఉందా? జ్వరం లేదా? నెమ్మదిగా పది నిమిషాలు నడవండి. తేలిగ్గా ఉంటే ఇంకాస్త నడవండి, బరువుగా ఉంటే ఇంటికి వచ్చేయండి. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలోంచి దగ్గు, ఆయాసం, వాంతులు, విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా నడక మానేయాల్సిందే. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. అంటే పడుకుని ఉన్నా అది పని చేస్తూనే ఉంది. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి కూడా వాపు తెస్తాయి. అరుదే, కానీ ఆ సమయంలో పరుగెడితే ప్రాణం మీదకు రావచ్చు. పారాసెటమాల్ వేసుకుని జ్వరం తగ్గాక జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మాత్ర జ్వరాన్ని దించుతుంది, జబ్బును కాదు. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు తినకుండా నడిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. అలాగని వాటిని సొంతంగా ఆపేయకండి, డాక్టరును అడగండి.

గాంధీజీ తర్వాత మారారా? కొంత మారారు. 1927లో కొల్హాపూర్‌లో రక్తపోటుతో కుప్పకూలినప్పుడు వైద్యుల మాట విని మైసూరు సంస్థానంలోని నంది కొండ మీద వారాల తరబడి విశ్రాంతి తీసుకున్నారు. మూడేళ్లకు, అరవై దాటాక, దండికి 24 రోజుల్లో 240 మైళ్లు నడిచారు. అందులోనూ సోమవారాలు నడక లేదు.

1944లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో ఆయనకు మలేరియా వచ్చింది. మే 6న విడుదల చేశాక జుహూ తీరంలో కోలుకున్నారు. ఈ ముక్క మనకు దగ్గరిది. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లకు ఉద్యోగాలకు వెళ్లొచ్చేవాళ్లు మీ ఇళ్లలోనే ఉన్నారు. మలేరియాలో ప్లీహం ఉబ్బుతుంది. బరువులెత్తడం, కబడ్డీ లాంటివి దానికి దెబ్బ. డెంగీలో జ్వరం తగ్గిన మొదటి ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాల్సినవి. చలితో జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. మాత్ర వేయకుండా ఒక రోజంతా జ్వరం లేకపోతే, ఆకలి పుడితే, మొదటిరోజు మీ వీధి చివరిదాకా వెళ్లి రండి. మర్నాడు పొద్దున ఎలా ఉందో చూసుకుని ట్యాంక్‌బండ్ సంగతి ఆలోచించండి. మలేరియా, డెంగీ వచ్చి తగ్గినవాళ్లయితే, ఆ ఆలోచన కూడా మీ డాక్టరును అడిగాకే.