కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులు

క్రొత్త సంవత్సరము వచ్చినదనిన అందరికిని ఒక ఉత్సాహము కలుగును. ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగము విని, ఈ యేడు నేనిది సాధింతునని మనసులో ననుకొనని బాలుడుగాని బాలికగాని యుండరు. నేను తిరువూరు ప్రాంతమున ఉపాధ్యాయుడనై యున్న దినములలో ప్రతి యుగాదికిని ఎనిమిదవ తరగతి పిల్లలచేత వారి కోరికలను కాగితముపై వ్రాయించుచుండెడివాడను. ఒకడు కలెక్టరు కావలెనని వ్రాయును. ఒకతె వైద్యురాలు కావలెనని వ్రాయును. మంచిదే. కాని వచ్చు దసరా సెలవులలోపల అందులకై నీవు చేయునదేమని యడిగినచో చాలమంది ప్రక్కవారి ముఖము చూచెడివారు. అట్టి సమయములలో వారికి నేనొక పెద్దమనిషి కథ చెప్పుచుండెడివాడను. ఆయన పరదేశమువారు కారు; మన పాత కృష్ణాజిల్లావారే. నేడు మన తిరువూరువలెనే ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్న పెనుగంచిప్రోలు ఆయన జన్మస్థలము. ఆయన పేరు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు.

మునేటి యొడ్డున నున్న ఆ గ్రామమున 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన లక్ష్మణరావుగారు జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్య, తల్లి గంగమాంబ. మూడేండ్ల ప్రాయముననే వారికి పితృవియోగము కలిగెను. సవతి యన్నయగు శంకరరావుగారు కుటుంబభారమును వహించి పిల్లలను పెంచిరి. ఆ కారణముచేత లక్ష్మణరావుగారి తొలి చదువు నిజాము రాష్ట్రములోని భువనగిరిలో జరిగెను.

వారికి అచ్చమాంబ యను అక్క కలదు. ఆమె తమ్మునికంటె మూడేండ్లు పెద్ద. ఆ కాలమున ఆడపిల్లలను బడికి పంపు వాడుక లేదు. ఆమెకు బాల్యముననే వివాహమయ్యెను. భర్త బండారు మాధవరావుగారు ఉద్యోగరీత్యా మధ్యరాష్ట్రములలో నుండెడివారు. అచ్చమాంబ తమ్మునికూడ తనతో తీసికొనిపోయి నాగపురమున చదివించెను. తమ్ముడు పాఠశాలలో నేర్చిన పాఠములను ఇంట అక్కతో కలిసి మరల చదువుకొనెడివాడు. అక్క తమ్మునికి అన్నము పెట్టెను. తమ్ముడు అక్కకు అక్షరములు పెట్టెను. ఆ యక్షరములు వృథా కాలేదు. బడి గడప త్రొక్కని ఆ యమ్మ తరువాతి కాలమున ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను పేర స్త్రీల చరిత్రములను గ్రంథముగా వ్రాసెను, కథలు రచించెను, ఊరూర తిరిగి స్త్రీసమాజములను ప్రోత్సహించెను.

నాగపురమున లక్ష్మణరావుగారు మరాఠీ భాషయందు గొప్ప పాండిత్యము సంపాదించిరి. మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. మోరోపంత కవి రచించిన భారతమును పరిష్కరించు పనిలో పాల్గొనిరి. సంస్కృతము, ఆంగ్లము, హిందీ, ఉర్దూ, వంగభాషలుకూడ వారికి పరిచితములే. 1900వ సంవత్సరమున వారు ఎం.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. ఆ దినములలో అంత చదివినవాడు ప్రభుత్వమువారి కొలువున ప్రవేశించి, పెద్ద జీతము తీసికొని, సుఖముగా కాలము గడుపవచ్చును. ఇరువదిమూడేండ్ల ఆ యువకుడు ఆ దారిని పోలేదు.

కారణమేమన, వారి మనస్సునందు ఒక కోరిక నాటుకొనియుండెను. మరాఠీలో చరిత్రగ్రంథములను, పరిశోధనవ్యాసములను, శాస్త్రవిషయములను చదువుచు పెరిగినవారికి, తెలుగున అట్టివి మిక్కిలి తక్కువగా నుండుట కంటిలో నలుసువలె బాధించెను. మన భాషలో కావ్యములకు కొదువ లేదు. కాని తెలుగుమాత్రమే వచ్చిన ఒక రైతుబిడ్డ భూమి ఎట్లు పుట్టెనో, దేహములో రక్తమెట్లు ప్రవహించునో, తన పూర్వులెవరో తెలిసికొనగోరినచో చేతికి అందీయదగిన పుస్తకము లేకుండెను. సమస్త విజ్ఞానమును తెలుగులోనికి తేవలెనని లక్ష్మణరావుగారి సంకల్పము. వినుటకు ఇది ఆకాశమునకు నిచ్చెన వేయుటవలెనే యున్నది. అయినను వారు ఆకాశమును చూచుచు కూర్చుండలేదు. నిచ్చెనకు మొదటి మెట్టు ఎక్కడ కొట్టవలెనో ఆలోచించిరి.

అప్పటికి వారు మునగాల సంస్థానమున దివానుగా నుద్యోగించుచుండిరి. మునగాల నేడు తెలంగాణమునందలి సూర్యాపేట జిల్లాలోనిది. ఆ నాడు చుట్టును నిజాము రాజ్యముండగా నడుమ ద్వీపమువలె నిలిచి కృష్ణాజిల్లాకు చెందియుండెడిది. దాని జమీందారగు నాయని వేంకట రంగారావుగారు విద్యాప్రియులు. దివాను కోరిక జమీందారుకును నచ్చెను. ఇట్టి ప్రభువు దొరకుట అదృష్టమనుట నిజమే. కాని ఆ యదృష్టమును పనికి మరల్చుకొనుట మరియొక విద్య.

పుస్తకములు వ్రాయించుటకు ముందు వానిని చదువువారు కావలెను గదా! అందుచేత మొదటి మెట్టు గ్రంథాలయము. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. హైదరాబాదు నగరమున తెలుగువారు వేలకొలది యున్నను, తెలుగు పుస్తకము చదువుటకు ఒక బహిరంగస్థానము లేదు. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన, మునగాల ప్రభువు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారితో కలిసి లక్ష్మణరావుగారు ఆ నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. రావిచెట్టువారి ఇంటనే దాని మొదటి నివాసము. మూడేండ్లకు హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. చూచుటకు ఇవి చిన్న పనులే. కొన్ని అలమరలు, కొన్ని పుస్తకములు, కొన్ని బల్లలు. కాని ఆ బల్లల చుట్టును కూర్చుండిన యువకులే తరువాత తెలంగాణమున ఆంధ్రోద్యమమును నడిపిరి.

ఇంతలో 1905వ సంవత్సరము జనవరి నెలలో లక్ష్మణరావుగారికి తీరని దుఃఖము సంభవించెను. ప్లేగువ్యాధి చెలరేగగా రోగులకు పరిచర్య చేయుటకు పూనుకొనిన అచ్చమాంబ ఆ వ్యాధికే లోనై మరణించెను. ఆమెకు అప్పటికి ముప్పదియేండ్లు. తల్లివలె పెంచిన అక్క, తనతో పుస్తకము పంచుకొని చదివిన అక్క, లేకపోయెను. మరుసటి సంవత్సరము తమకు కుమార్తె కలుగగా ఆ శిశువునకు అచ్చమాంబయనియే పేరు పెట్టిరి. ఆ బాలిక పెద్దదై వైద్యురాలయ్యెను. 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను.

ఆ దుఃఖములోనే వారు రెండవ మెట్టునకు పూనుకొనిరి. 1906వ సంవత్సరమున హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా గ్రంథమండలి యేర్పడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు మున్నగువారు వారికి తోడుపడిరి. మండలి నడచిన తీరు గమనింపదగినది. ఏదో ఒక పుస్తకము అచ్చువేసి కొనువారికై ఎదురుచూచుట కాదు. ముందుగా చందాదారులను కూర్చుకొనుట, ఏయే విషయములపై గ్రంథములు కావలెనో నిర్ణయించుకొనుట, ఆ విషయము తెలిసినవానిని వెదకి పట్టుకొని వ్రాయించుట, వ్రాసినదానిని దిద్దుట, తక్కువ వెలకు అందించుట - ఇది వారి పద్ధతి. మొదటి గ్రంథము గాడిచర్లవారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. అది 1907లో వెలువడెను. కట్టెలు కొట్టి, పొలముపని చేసి దేశాధ్యక్షుడైనవాని జీవితముతో మండలి ప్రారంభమగుట నాకు ఎన్నడును యాదృచ్ఛికముగా తోచలేదు.

1908లో మండలి చెన్నపట్టణమునకు మారెను. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగము 1910లో ఈ మండలిద్వారానే వచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘అర్థశాస్త్రము’ కూడ ఇందలిదే. ఆచంట లక్ష్మీపతిగారు మొదలగు వైద్యులచేతను, శాస్త్రము చదివినవారిచేతను ప్రకృతిశాస్త్రగ్రంథములు వ్రాయించిరి. లక్ష్మణరావుగారు స్వయముగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను హిందూదేశచరిత్ర భాగములను, శివాజీ చరిత్రమును రచించిరి. శాస్త్రమును తెలుగున వ్రాయబూనినవారికి అడుగడుగున మాటల కరవు ఎదురయ్యెడిది. ఆంగ్లపదమునకు సరియైన తెలుగు లేనిచోట క్రొత్తమాటను కల్పింపవలెను. ఆ మాట చదువరికి అర్థము కావలెను. నేడు మీ సామాన్యశాస్త్రపుస్తకములలో సులభముగా చదువుకొను పారిభాషికపదముల వెనుక ఆ తరమువారు పడిన శ్రమ యెంతో కలదు.

ఇక మూడవ మెట్టు. 1912-13 ప్రాంతమున లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు ఉపక్రమించిరి. లోకములోని విషయములన్నిటిని అకారాదిక్రమమున వివరించు మహాగ్రంథమే విజ్ఞానసర్వస్వము. ఆ పని యెంత పెద్దదో తెలియుటకు ఒక లెక్క చెప్పెదను. 1910-11 సంవత్సరములలో ఆంగ్లమున బ్రిటానికా విజ్ఞానసర్వస్వము పదునొకండవ కూర్పు 29 సంపుటములుగా వెలువడెను. దానికి వ్యాసములు వ్రాసినవారు ఇంచుమించు 1500 మంది. తెలుగున అట్టి పనికి దిగినవారికి పట్టుమని పది విశ్వవిద్యాలయములు లేవు, ఒక్కటియైనను లేదు. ఆంధ్రవిశ్వవిద్యాలయము పుట్టుటకు ఇంకను పదుమూడేండ్లున్నవి.

గాడిచర్లవారు, ఆచంటవారు, ఆనాటికి యువకులైన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు మొదలగువారు సహాయులైరి. సంపాదకులు మాత్రము సంపాదకత్వముతో సరిపుచ్చుకొనలేదు. వేదములను గూర్చి, వ్యాకరణమును గూర్చి, దర్శనములను గూర్చి, ఖగోళమును గూర్చి అనేకవ్యాసములు స్వయముగా వ్రాసిరి. ఒక్కొక్క వ్యాసమునకై ఎన్నో గ్రంథములు తిరుగవేసిరి. ఇంతలో 1914లో ప్రపంచయుద్ధము వచ్చిపడెను. కాగితము వెల పెరిగెను. ఒకవైపు మునగాల సంస్థానపు వ్యవహారములు వారి కాలమును మ్రింగివేయుచుండెను. వేరొకవైపు ఉబ్బసవ్యాధి బాధించుచుండెను. ఎట్లో మూడు సంపుటములు వెలువడినవి. వర్ణమాల ఇంకను ఆదియందే యుండెను; పని నిలిచిపోయెను.

ఇచట నా యభిప్రాయము చెప్పక తప్పదు. లక్ష్మణరావుగారు మొదటి రెండు పనులను కొలిచి చేసినట్లు మూడవదానిని కొలువలేదేమోయని నాకు తోచును. ఒక్కొక్క వ్యాసము సర్వసమగ్రముగా నుండవలెనని వారు పట్టుబట్టిరి. ఆ పట్టుదలవలన వ్యాసములు గొప్పవైనవి, సంపుటములు తక్కువైనవి. వారు చదువుకొనిన నాగపురమునందే కొలదికాలమునకు కేత్కరు పండితుడు మరాఠీ జ్ఞానకోశమునకు ప్రారంభించెను. ఆయన వాటాలు సేకరించి, ఉద్యోగులను నియమించి, 23 సంపుటములను పూర్తిచేసెను. మన పంతులుగారికి అంత ధనబలము, అంత జనబలము కుదరలేదు. అయినను ఆ మూడు సంపుటములను తిరుగవేసిన పండితుడెవ్వడును వారిని తప్పుపట్టినట్లు నేను వినలేదు.

చెన్నపట్టణమున ఎగ్మూరునందు ‘వేదవిలాస’ మను గృహమున వారు నివసించిరి. వృద్ధులైన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919వ సంవత్సరము మే 27వ తేదీన కన్నుమూసినది ఆ యింటనే. నాలుగేండ్లు గడచినవి. ఆగిపోయిన విజ్ఞానసర్వస్వమును మరల మొదలిడవలెనని లక్ష్మణరావుగారు ప్రయత్నములు చేయుచుండగానే వ్యాధి ముదిరెను. 1923వ సంవత్సరము జూలై 12వ తేదీన వారు పరలోకగతులైరి. వారికి అప్పటికి నలువదియారేండ్లు.

వారు వదలిన పనిని ఆంధ్రపత్రిక స్థాపకులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేతికెత్తుకొని, 1930వ దశకమున విజ్ఞానసర్వస్వ సంపుటములను క్రొత్తగా ప్రకటించిరి. ఆయనకును అది పూర్తి కాలేదు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత తెలుగు భాషాసమితి విషయమునకు ఒక్కొక్కటి చొప్పున విజ్ఞానసర్వస్వ సంపుటములను వెలువరించెను. హైదరాబాదులో లక్ష్మణరావుగారి స్మృతిచిహ్నముగా లక్ష్మణరాయ పరిశోధకమండలి యేర్పడి, ఊరూర రాళ్లపైనున్న శాసనములను చదివించి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ అను సంపుటమును ప్రకటించెను. ఇక మొదటి మెట్టుగా వేసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము హైదరాబాదు సుల్తాను బజారులో నూరేండ్లు దాటియు నిలిచియున్నది. ఉదయమున పత్రికలు చదువువారును, సాయంకాలమున పాత గ్రంథములు వెదకువారును ఇప్పటికిని ఆ మెట్లెక్కి లోనికి పోవుచున్నారు.